రాయి ఆగుతుంది, చీటీ ఆగదు

ప్రశ్న: గుంటూరులో మా యూనివర్సిటీ జియాలజీ మ్యూజియంలో నూటికి పైగా అగ్నిపర్వత శిలలున్నాయి. చీటీలు చెదపట్టి రాలిపోతున్నాయి. అన్నిటినీ త్రీడీలో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలని మా ప్రిన్సిపాల్ గారి పట్టుదల. నా దగ్గరున్నది ఒక ఫోను, ఇద్దరు విద్యార్థులు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లెక్చరర్, గుంటూరు

జవాబు: ముందు చీటీల సంగతి చూడండమ్మా. దక్కన్ బసాల్ట్ (లావా గట్టిపడిన నల్లరాయి) వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు, ఇంకో పదేళ్లు ఆగుతుంది. కాగితం ఈ వానాకాలం దాటేలా లేదు. ఒక్కో రాయినీ దాని చీటీతో, పక్కన స్కేలు పెట్టి ఒకే ఫొటోలో తీయండి. దుమ్ము దులపడం ఆ తర్వాతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఉత్సాహం ఆపుకోలేక ఒక ట్రే రాళ్లను బకెట్లో వేసి కడిగేశాను. సిరా నంబర్లు నీళ్లలో కలిసిపోయాయి. మిగిలినవి 11 నల్లరాళ్లు, అన్నీ అక్కాచెల్లెళ్లలా. ఏది రాజమండ్రి పక్కన కాతేరుదో, ఏది పశ్చిమ కనుమలదో! అసలు రాజమండ్రి లావాల రసాయన కూర్పే పశ్చిమ కనుమల్లోని మహాబలేశ్వర్ లావాలతో సరిపోతుందని పరిశోధకులు తేల్చారు. ఇక నా కళ్లేం చెబుతాయి? మా హెడ్ గారు ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

చీటీలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించండి. 'బెజవాడ' అని ఉంటే దిద్దొద్దు, మీ సవరణకు పక్కన ఇంకో గడి పెట్టండి. ఉత్త 'కాతేరు' అని ఉంటే మ్యాప్‌లో ఏదో ఒకచోట పిన్ను గుచ్చకండి. రాతి నంబరే ఫైలు పేరు. కొండపల్లి చార్నకైట్ ముదురు రంగు చూసి ఎవరైనా ఈ అల్మరాలో పెట్టేసి ఉంటారు. అది లావా కాదు, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన రాయి. వేరు చేయండి, పాత నంబరు మాత్రం మార్చొద్దు.

తెల్లకాగితం మీద పెడితే ఫోను నల్లరాయిని మసిబొగ్గు చేసేస్తుంది. బూడిదరంగు గుడ్డ పరిచి, నేరుగా ఎండ పడని వరండాలో తీయండి.

త్రీడీకి ఓ పది రాళ్లు చాలు. బుడగల గుంటల్లో తెల్లటి జియోలైట్ ఖనిజం కూరుకున్న బసాల్ట్, నురుగులా బుడగలతో తేలిగ్గా ఉండే ప్యూమిస్ బాగా వస్తాయి. రాయిని కదపకుండా మీరే చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలిసేలా తీయండి. అబ్సిడియన్ జోలికి పోకండి. అది గాజు, మీరు కదిలితే మెరుపూ కదులుతుంది, సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది.

మొదట ప్యూమిస్ త్రీడీ చేసి ప్రిన్సిపాల్ గారికి చూపించండి. ఆయన దాన్ని ఫోన్లో తిప్పుకుంటూ ఉంటే, చీటీల పనికి మీకో నెల దొరుకుతుంది.