గిర్రున తిరిగిన ఏడాది

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనా అని చూసుకోవడానికి రెండోసారి చదివాను. న్యాయమైనదే.

నాలుగో పేజీ చివర రాశావు చూడు: "శిక్షణలో ఏడాది గిర్రున తిరిగిపోయింది." 1938లో మద్రాసులో చదువుకుంటున్న మీ ముత్తాత, కాలేజీ కుర్రాళ్ళకు సైనిక శిక్షణ ఇచ్చే యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ (యూటీసీ)లో చేరడానికి నాలుగు పేజీలు. బయటికొచ్చి ఖాకీ బట్టలు తగలబెట్టడానికి ఆరు పేజీలు. మధ్యలో ఏడాదికి ఒక్క వాక్యం! ఆ ఏడాది గురించే కదమ్మా కథ? పెళ్ళికి పిలిచి, పన్నీరు చల్లి, తాంబూలం చేతిలో పెట్టి పంపించేశావు. భోజనం ఏదీ?

తప్పులు ముందు చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. అప్పట్లో ఎన్‌సీసీ లేదు, అది 1948లో వచ్చింది. 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ కింద కాలేజీ కుర్రాళ్ళతో కంపెనీలు పెట్టారు. 1920 టెరిటోరియల్ ఫోర్స్ చట్టం వచ్చాక అవే యూటీసీలయ్యాయి. కవాతులో తెల్ల అధికారి చేత "సావధాన్, విశ్రామ్" అనిపించావు. ఆ హిందీ స్వాతంత్ర్యం తర్వాతిది. ఇక ఊరేగింపు మీద కాల్పులు జరపమని విద్యార్థులకు ఆర్డరు, మీ ముత్తాత తుపాకీ కింద పడేయడం! యూటీసీ కుర్రాళ్ళకు సైనిక సేవ బాధ్యతే లేదు తల్లీ. రైల్వేలో ఆంగ్లో ఇండియన్ గార్డులూ డ్రైవర్లూ ఉండే ఆక్సిలరీ ఫోర్స్ వేరు. అందులో మనవాళ్ళను చేర్చుకునేవారే కాదు. గొడవలప్పుడు దించేది దాన్ని. నువ్వు రెంటినీ ఒకే గిన్నెలో వండేశావు.

పైగా ఆ కాల్పులు నీకు అక్కర్లేదు. 1938లో మద్రాసులో అధికారంలో ఉన్నది రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం. కోటలో ఖద్దరు మంత్రులు, మైదానంలో దొర చెప్పినట్టు కుడికీ ఎడమకీ తిరిగే గోదావరి జిల్లా కుర్రాడు. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు ఖాకీ నిక్కరు పెట్లో అడుక్కి పెట్టాడా, పైన పెట్టాడా? నాకు అది కావాలి. 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది, అక్టోబరులో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ వారం కవాతులో ఎవరి ముఖం ఎలా ఉందో రాయడానికి నీకు ఎన్ని పేజీలైనా ఇస్తాను.

కవాతంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. చైనా యుద్ధం తర్వాత, 1963లో, కాలేజీల్లో ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. కాకినాడలో డిగ్రీ చదువుతున్న నాకు ఏడో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూట్లు ఇచ్చారు. ముందు భాగంలో పాత పేపరు కుక్కుకున్నాను. నాలుగో రోజుకి మడమ మీద పొక్కు, ఆరో రోజుకి అది చితికింది. మేజోడు పుండుకి అతుక్కుపోతే రాత్రి గోరువెచ్చని నీళ్ళలో కాలు పెట్టి, మెల్లగా ఊడదీసుకునేవాణ్ణి. చేతిలో త్రీ నాట్ త్రీ రైఫిలు, దాదాపు నాలుగు కిలోలు. ఎత్తేటప్పుడు నాలుగు కిలోలే, పావుగంట గడిచాక కాదు. పొద్దున్నే అదే మైదానం, అదే తిట్టు, ఎడమకి తిరగమనే అదే "బాయే ముడ్". పెరేడ్ అయ్యాక ఇచ్చే రెండు ఇడ్లీల కోసం మాత్రమే దేశాన్ని ప్రేమించిన రోజులున్నాయి. జనవరికి వచ్చేసరికి ఒక రోజు నా కాలు నాకు చెప్పకుండానే తిరిగింది. కమాండు పూర్తవకముందే తిరిగింది. అప్పుడు భయమేసింది. శిక్షణ అంటే అదమ్మా. నీ కథలో ఎవరి కాలూ తిరగలేదు.

ఆ బూట్ల మీద పదహారు పేజీల కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. "ఇందులో ఏమీ జరగలేదు" అని నీలం సిరాతో రాసి తిప్పి పంపారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత ఆ ఎడిటర్ గారే ఒక సభలో "కథంటే జీవితానుభవం" అని గంటసేపు మాట్లాడితే ముందు వరసలో కూర్చుని విన్నాను. ఇప్పుడు పోటీల వాళ్ళు పదిహేను వందల పదాలు దాటొద్దంటారు, మొదటి వాక్యంలోనే పాఠకుడి గుండె ఆగాలంటారు. నువ్వూ రక్తంతో మొదలుపెట్టింది అందుకేనని నా అనుమానం. "గిర్రున తిరిగింది", "కాలం గడిచింది", "చూస్తుండగానే" ఇవన్నీ ఆ పోటీల పిల్లలే. ఎక్కడ కనిపించినా కొట్టెయ్. ఏడాదిలో యాభై రెండు వారాలున్నాయి, కనీసం మూడు వారాలు నాకు ఒకేలా చూపించు, నాలుగోదాంట్లో ఒక్కటి మార్చు.

దేశభక్తి ఎక్కడ పెట్టాలని అడిగావు. సుభాష్ చంద్రబోస్ కూడా కలకత్తాలో చదువుకునేటప్పుడు ఇలాంటి విద్యార్థి దళంలోనే శిక్షణ పొందాడు. అంతకుముందు బెంగాలీ పటాలంలో చేరబోతే కంటిచూపు చాలదని పంపేశారు. ఆ రోజుల గురించి ఆత్మకథలో చెబుతూ, రైఫిళ్ళు తెచ్చుకోవడానికి ఫోర్ట్ విలియం కోటలోకి కవాతు చేసుకుంటూ వెళ్ళిన సంగతి రాశాడు. మామూలుగా మనవాళ్ళను రానివ్వని కోట. లోపలికి వెళ్తుంటే ఏదో తృప్తిగా అనిపించిందన్నాడు. ఉపన్యాసం లేదు. తెల్ల అధికారి చెప్పినట్టు అడుగు వేస్తూ, ఆ తృప్తి పడుతూ, రెండూ ఒకే కుర్రాడు. నీ ముత్తాత మాత్రం మొదటి పేజీ నుంచీ విగ్రహంలా నిలబడ్డాడు.

వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. కాళ్ళకు చుట్టిన పట్టీలు చూశావా? వెండి పట్టీలు కావులే, చీలమండ నుంచి మోకాలి దాకా చుట్టే గుడ్డ పట్టీలు. కుడికాలిది బిగువుగా ఉంది. ఎడమకాలిది వదులై ఒక మడత జారింది. ఫోటోకి నిలబడేదాకా ఆయనకి ఆ చుట్టడం రాలేదన్నమాట, లేదా ఎవరో తొందరపెట్టారు. కథంతా వెతికినా నాకు ఆ ఎడమకాలు కనిపించలేదు.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. ఇత్తడి గుండీలు తోమడానికి బ్రాసో కొనే డబ్బుల్లేక హాస్టల్ గదిలో చింతపండుతో రుద్దుకున్నాడని రాశావు. రెండే వాక్యాలు. అవి ఎవరో చెబితే రాసినవని తెలుస్తోంది. మీ అమ్మమ్మ చెప్పిందా? అయితే మళ్ళీ వెళ్ళి అడుగు. హాస్టల్‌లో చింతపండు ఎక్కడిది? వంటమనిషిని అడిగి తెచ్చుకునేవాడా, చారు కాచాక మిగిలిన పిప్పా? అయితే ఆ వంటమనిషి నీ కథలో ఎందుకు లేడు? రుద్దాక వేళ్ళకి ఆ నల్లటి పులుపు వాసన ఎంతసేపు ఉండేదట? ఆ చేత్తోనే రైఫిలు పట్టుకునేవాడా?

ఆమెకి ఓపిక ఉన్నప్పుడే అడుగు, సాయంత్రాలు వద్దు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు పంపు. కథ తర్వాత చూద్దాం.