హగురో కొండ ఎక్కబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఓబోన్ (ఆగస్టులో వచ్చే పితృదేవతల పండుగ) సెలవుల్లో జపాన్‌లోని యమగతా వెళ్లి హగురో కొండ మీది ఆలయం చూస్తానన్నావు, చరిత్ర ఏం చదువుకుని వెళ్లాలని అడిగావు. పుస్తకాల మూట మోయనక్కర్లేదు గానీ, ఒక్క సంగతి గుర్తుంచుకుని వెళ్లు. ఇప్పుడది షింతో ఆలయం, అంటే జపాన్ సొంత దేవుళ్ల గుడి. 150 ఏళ్ల కిందటి వరకు అలా కాదు.

సుషున్ చక్రవర్తి కొడుకు హచికో రాకుమారుడు 593లో ఆ కొండను తెరిచాడని అక్కడి స్థలపురాణం. తర్వాతి శతాబ్దాల్లో యమబుషి అనే సాధకులు అక్కడ బుద్ధుడి మంత్రాలు చదువుతూనే కొండ దేవుళ్లను కొలిచారు. వాళ్ల దారి పేరు షుగెన్‌దో. 1868లో మెయిజీ ప్రభుత్వం దేవుళ్లనూ బుద్ధుణ్ణీ వేరు చేయమంది, 1872లో షుగెన్‌దోనే నిషేధించింది. కొండ మీది బౌద్ధ మందిరాలు చాలావరకు పోయాయి. అందుకే ఎక్కేటప్పుడు ఇది ముందు ఏమై ఉండేదో అని ప్రతిచోటా అడుగుతూ ఎక్కు.

మొదటి ద్వారం జుయిషిన్‌మోన్. ఒకప్పుడు అది బౌద్ధ ద్వారపాలకులుండే నియోమోన్. అది దాటి కిందికి దిగితే దేవదారుల మధ్య 29 మీటర్ల ఐదంతస్తుల గోపురం కనబడుతుంది. ఇప్పటి కట్టడం దాదాపు 1372 నాటిదంటారు. రంగుల్లేని ఆ చెక్క ముందు కాసేపు నిలబడు. షింతో ఆలయంలో బౌద్ధ గోపురానికేం పని అని నీకే అనిపిస్తుంది.

అక్కడి నుంచి అసలు ఎక్కుడు. మొత్తం 2446 రాతి మెట్లు. తెన్యూ అనే మఠాధిపతి 1648లో మొదలుపెట్టి 13 ఏళ్లు వేయించాడు. మెట్లు పొట్టివి, పాదం పూర్తిగా ఆనదు, వానకు జారతాయి. మంచి గ్రిప్ ఉన్న బూట్లు వేసుకో.

పైన సన్‌జిన్ గొసైదెన్, హగురో, దాని పక్కనున్న గస్సాన్, యుదొనో అనే మూడు కొండల దేవుళ్లకూ కలిపి ఒకే ఆలయం. గస్సాన్, యుదొనో చలికాలమంతా మంచులో మూసుకుపోతాయి కాబట్టి పూజలన్నీ ఇక్కడే. 1818లో మళ్లీ కట్టారు, గడ్డికప్పు మందమే రెండు మీటర్ల పైన. పక్కనే 1275 నాటి పెద్ద గంట. గంట కూడా బౌద్ధానిదే, తెలుసుగా. ఎదురుగా ఉన్న చెరువులో భక్తులు వేసిన పాత కంచు అద్దాలు వందలకొద్దీ దొరికాయి.

దిగాక తోగె ఊళ్లో శోజెన్-ఇన్ గుడికి తప్పకుండా వెళ్లు. కొండ మీద నుంచి తరలించిన బౌద్ధ విగ్రహాలు కొన్ని అక్కడున్నాయి. టూరిస్టులు ఎక్కువమంది దీన్ని వదిలేసి బస్సెక్కేస్తారు. నాకైతే సగం చరిత్ర ఇక్కడే ఉందనిపిస్తుంది.

రాత్రికి యాత్రికులుండే షుకుబోలోనే దిగు. భోజనం కొండ కూరలతో చేసే శాకాహారం, కానీ కొన్ని చోట్ల చేప కూడా పెడతారు. మనం చేప ముట్టమని బుక్ చేసేటప్పుడే రాసెయ్. ఓబోన్‌కి గదులు దొరకవు, ఇప్పుడే చూసుకో.

టైముంటే గస్సాన్, యుదొనో కూడా చూడు. హగురో వర్తమానం, గస్సాన్ గతం, యుదొనో భవిష్యత్తు అని అక్కడివాళ్ల లెక్క. గస్సాన్ 1984 మీటర్లు, ఆగస్టులో కూడా చలి కోటు కావాలి. యుదొనోలో చెప్పులు విప్పాలి, ఫోటోలు తీయకూడదు, చూసింది ఎవరికీ చెప్పకూడదు. నేనూ అడగను.

మీ అత్తగారు కూడా వస్తానంటున్నారని విన్నాను. ఆవిడ మోకాళ్లకు ఆ మెట్లు వద్దు, పైదాకా బస్సుంది. నువ్వు మాత్రం నడిచే ఎక్కు, లేకపోతే గోపురం చూడకుండానే వచ్చేస్తావు.

ఇట్లు
మీ మామయ్య