డెక్స్‌టర్ గోర్డన్ ఐరోపా రికార్డులు పోగేసేవాడికి

నాయనా,

అమెరికన్ జాజ్ టెనర్ సాక్సోఫోన్ విద్వాంసుడు డెక్స్‌టర్ గోర్డన్ ఐరోపాలో ఊదినవన్నీ సంపాదిస్తానని రాశావు. సరే. మొదటి రికార్డు కొనకముందు ఒక పట్టిక తయారు చేసుకో. ఈ పనిలో డబ్బు పోయేది ఖరీదైన రికార్డు కొని కాదు. ఒకే రాత్రి వాయించిన పాటల్ని మూడు రకాల అట్టల్లో మూడుసార్లు కొని పోతుంది. కర్ణాటక కచేరీ క్యాసెట్లు పోగేసేవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. ఒకే కచేరీ నాలుగిళ్ళలో నాలుగు పేర్లతో తిరుగుతుంది, తేదీ మాత్రం ఒక్కదాని మీదా ఉండదు. ఇక్కడా అంతే. అందుకని ఆల్బమ్ పేరుతో లెక్క పెట్టకు, సెషన్‌తో, అంటే ఒక విడతలో కూర్చుని చేసిన రికార్డింగుతో, లెక్క పెట్టు.

పట్టికలో వరసకో పాట రాయి, ఆల్బమ్ కాదు. నిలువు గళ్ళు ఇవి: తేదీ, ఊరు, క్లబ్బు లేదా స్టూడియో, పియానో, బాస్, డ్రమ్స్, పాట పేరు, నువ్వు స్వయంగా గడియారం పెట్టి చూసిన నిడివి, రికార్డు నంబరు, లేబుల్ చుట్టూ నల్లటి అంచు మీద గీకిన అక్షరాలు. అట్ట మీద అచ్చయిన నిడివిని నమ్మకు. చప్పట్లు కలిపి ఒకరు లెక్కేస్తారు, కోసి ఇంకొకరు లెక్కేస్తారు.

ముందు హద్దులు గీసుకో. ఆయన 1962లో లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్బుకి వచ్చాడు. తర్వాత పారిస్‌లో, ఎక్కువ కాలం కోపెన్‌హాగెన్‌లో ఉండి 1976 చివర్లో అమెరికా తిరిగి వెళ్ళాడు. మధ్యలో అమెరికా వెళ్ళి వస్తూనే ఉన్నాడు. కొత్తవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా అక్కడే. అమెరికన్ రికార్డు కంపెనీ బ్లూ నోట్ వాళ్ళ ‘గెటిన్ అరౌండ్’, ‘క్లబ్‌హౌస్’ రెండూ 1965లో అమెరికాలో చేసినవి, ఆయన కాపురం ఐరోపాలో ఉన్నా సరే. ప్రెస్టీజ్ వాళ్ళ ‘ద పాంథర్’, ‘టవర్ ఆఫ్ పవర్’ కూడా అంతే. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకోటి ఉంది. ‘బైటింగ్ ద ఆపిల్’ మీద డెన్మార్క్ కంపెనీ స్టీపుల్‌చేజ్ ముద్ర ఉంటుంది, కానీ అది 1976 నవంబరులో న్యూయార్క్‌లో చేసింది. స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో 1970లో జూనియర్ మాన్స్‌తో వాయించినదీ, 1973 నాటి ‘బ్లూస్ ఆ లా స్విస్’ మాత్రం ప్రెస్టీజ్ అనే అమెరికన్ కంపెనీ ద్వారా వచ్చాయి. అంటే లేబుల్ ఏ దేశానిదన్నది దేన్నీ రుజువు చెయ్యదు.

మొదలు పెట్టాల్సింది పారిస్‌తో. 1963 మే 23న సీబీఎస్ స్టూడియోలో ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’ తయారైంది. పియానో బడ్ పవెల్, బాస్ పియెర్ మిషలో, డ్రమ్స్ కెన్నీ క్లార్క్. అసలు కెన్నీ డ్రూ పియానోకి రావాల్సింది, గోర్డన్ సొంత బాణీలు వాయించాలనుకున్నారు. పవెల్ వచ్చేసరికి అందరికీ తెలిసిన పాత పాటలకు మారిపోయారు. సీడీలో చివర చేర్చిన ‘లైక్ సమ్‌వన్ ఇన్ లవ్’లో గోర్డన్ ఉండడు, అది పవెల్ త్రయానిది. పట్టికలో ఆ సంగతి రాసుకో. ఏడాది తర్వాత 1964 జూన్ 2న అదే ఊళ్ళో ‘వన్ ఫ్లైట్ అప్’. అందులో ‘తాన్యా’ ఒక్కటే 18 నిమిషాలు, మొదటి వైపంతా అదే. బాస్ వాయించిన నీల్స్-హెన్నింగ్ ఓర్స్టెడ్ పెడర్సన్‌కి అప్పటికి 18 ఏళ్ళు నిండి వారమే అయింది. ఈ పేరు గుర్తుపెట్టుకో, 1976 దాకా నీ పట్టికలో బాస్ గడి నిండా ఈయనే ఉంటాడు.

ఈ రెండింటి తొలి ముద్రణ కావాలంటే అట్ట చూసి మోసపోకు, అంచు చూడు. రికార్డింగ్ పారిస్‌లో జరిగినా రికార్డులు అచ్చెయ్యడానికి మూలమైన లక్క పలక మీద గాడి కోత మాత్రం అమెరికాలో రూడీ వాన్ గెల్డర్ చేతిలో పడింది. కాబట్టి అంచు మీద ‘వాన్ గెల్డర్’ అని అచ్చు గుద్ది ఉండాలి. దాని దగ్గర్లో చెవిలా కనిపించే చిన్న గుర్తు ఉండాలి. అది రికార్డులు అచ్చేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ళ పొడి అక్షరం ‘పీ’. 1966లో బ్లూ నోట్ లిబర్టీ అనే కంపెనీ చేతికి పోయాక ఈ చెవి మాయమైంది. లేబుల్ మీద ‘న్యూయార్క్ యూఎస్‌ఏ’ అని ఉండాలి, ‘డివిజన్ ఆఫ్ లిబర్టీ’ అని ఉంటే అది తర్వాతి లేబుల్. ఒక చిక్కుంది: చేతిలో మిగిలిన పాత లేబుళ్ళని లిబర్టీ వాళ్ళు కొత్త ముద్రణలకి అంటించేవాళ్ళు. లేబుల్ పాతదై చెవి లేకపోతే తొలి ముద్రణ ధర ఇవ్వకు. ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’ మోనో నంబరు బీఎల్‌పీ 4146, స్టీరియో బీఎస్‌టీ 84146. అమ్మేవాడు అంచు ఫోటో పంపనంటే బేరం అక్కడితో ఆపెయ్.

ఇక అసలు గని కోపెన్‌హాగెన్. స్టోర్ రెగ్నెగేడ్ వీధిలో ఉన్న జాజ్‌హస్ మాంట్‌మార్త్ర్ క్లబ్బు నుంచి డెన్మార్క్ రేడియో 1964 వేసవిలో ఆయన్ని మళ్ళీ మళ్ళీ ప్రసారం చేసింది. పియానో బార్సెలోనా నుంచి వచ్చిన అంధ కళాకారుడు టెటె మోంటొలియు. ఆ టేపుల్ని చాలా ఏళ్ళ తర్వాత స్టీపుల్‌చేజ్ ఎస్‌సీసీ 6000 వరసలో విడుదల చేసింది: ‘చీజ్ కేక్’ 6008, ‘కింగ్ నెప్ట్యూన్’ 6012, ‘ఐ వాంట్ మోర్’ 6015, ‘లవ్ ఫర్ సేల్’ 6018, ‘ఇట్స్ యూ ఆర్ నో వన్’ 6022, ‘బిలీస్ బౌన్స్’ 6028. సీడీకొచ్చేసరికి ముందు 3 చేరుతుంది, 36008 అని. ఈ ఆరూ ఒకే వేసవివి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పెట్టి వినాలి. డ్రమ్మరు కొన్ని రాత్రులు మారతాడు, అట్ట వెనక చూసి పట్టికలో వేరుగా రాయి. ‘వన్ ఫ్లైట్ అప్’ సీడీలో అదనంగా కలిపిన ‘కాంగ్ నెప్ట్యూన్’, ఇక్కడి ‘కింగ్ నెప్ట్యూన్’ ఒకే బాణీ. స్టూడియోలో చేసిన కొద్ది వారాలకే క్లబ్బులో ఎంత సాగదీశాడో అప్పుడు తెలుస్తుంది. నన్నడిగితే స్టూడియో రికార్డుల కంటే ఈ ఆరే ఎక్కువ విలువైనవి, ధరలో మాత్రం కాదు. అదే నీ అదృష్టం.

1967 జులైలో అదే క్లబ్బులో చేసిన రికార్డింగు చిక్కుముడి. కెన్నీ డ్రూ, పెడర్సన్, డ్రమ్స్ మీద ఆల్బర్ట్ హీత్. బ్లాక్ లయన్ వాళ్ళు ‘బోత్ సైడ్స్ ఆఫ్ మిడ్‌నైట్’, ‘బాడీ అండ్ సోల్’, ‘టేక్ ద ఎ ట్రెయిన్’ అని మూడుగా ఇచ్చారు. అవే పాటలు ‘మాంట్‌మార్త్ర్ కలెక్షన్’ పేరుతోనూ, ఇంకా ఎన్నో అట్టల్లోనూ తిరుగుతున్నాయి. ఈ మూడూ శుభ్రంగా కొనుక్కుని మిగతా వాటి జోలికి పోకు. అదే ఏడాది జూన్‌లో అక్కడే వాయించిన మరో రాత్రి ‘ద స్క్విరల్’ పేరుతో బ్లూ నోట్ 1997లో తెచ్చింది. అది వేరు, అది కావాలి.

మధ్యలో దొరికేవి తలో దిక్కున ఉన్నాయి: 1969లో ఆమ్‌స్టర్‌డామ్ పారడీసోలో హాన్ బెనింక్ డ్రమ్స్‌తో చేసినది, అదే ఏడాది స్లైడ్ హాంప్టన్‌తో ఎంపీఎస్ వాళ్ళ ‘ఎ డే ఇన్ కోపెన్‌హాగెన్’, 1970లో ఓస్లోలో గాయని కారిన్ క్రోగ్‌తో ‘సమ్ అదర్ స్ప్రింగ్’. కంటికి కనబడాలంటే జాజ్ ఐకాన్స్ డీవీడీ ఉంది, 1963, 64ల్లో హాలండ్, స్విట్జర్లాండ్, బెల్జియం టీవీల్లో వచ్చినవి.

నీల్స్ వింథర్ 1972లో స్టీపుల్‌చేజ్ పెట్టాక పని తేలిక. తేదీలు, పేర్లు సరిగ్గా అచ్చువేసే కంపెనీ. ‘ది అపార్ట్‌మెంట్’ (ఎస్‌సీఎస్ 1025, 1974), పాలే మికెల్‌బోర్గ్ వాద్యబృందంతో ‘మోర్ దాన్ యూ నో’ (1030), హోరెస్ పార్లన్‌తో ‘స్టేబుల్ మేబుల్’ (1040), జ్యూరిక్‌లో 1975 ఆగస్టు నాటి ‘స్విస్ నైట్స్’ మూడు భాగాలు (1050, 1090, 1110), మోంటొలియు మళ్ళీ వచ్చిన ‘బౌన్సిన్ విత్ డెక్స్’ (1060). అన్నిటికన్నా ముందు విను అని చెప్పేది 1976 నాటి ‘లలబై ఫర్ ఎ మాన్‌స్టర్’. పియానో లేదు, పెడర్సన్ బాసు, అలెక్స్ రీల్ డ్రమ్స్, అంతే. అమెరికాలో ఇవే ఇన్నర్ సిటీ పేరుతో 2000 వరస నంబర్లతో వచ్చాయి. సంగీతం అదే, రెండూ కొననక్కర్లేదు.

తేదీ లేని అట్ట ఎదురైతే ఇలా పట్టుకో. గోర్డన్ సోలో మధ్యలో వేరే పాటల ముక్కలు జొనుపుతాడు, ఆ అలవాటు ఆయనకి ఊపిరి లాంటిది. ఏ ముక్క, ఎన్నో నిమిషంలో వచ్చిందో రాసుకో. రెండు రాత్రులు అవే ముక్కలు అదే చోట రావు. నిడివి తేడా పడినా ముక్కలు ఒకేచోట కలిస్తే అది ఒకే టేపు. బల్లాడ్, అంటే నెమ్మదిగా సాగే పాట, మొదలుపెట్టే ముందు ఆ పాట సాహిత్యం నిదానంగా చదివి వినిపించడం ఇంకో ఆనవాలు. కొన్ని ముద్రణల్లో ఆ మాటలు కోసేస్తారు, కోయనిదే తీసుకో.

రేడియో నుంచి దొంగతనంగా వచ్చిన వాటిల్లో వేగం తప్పుతుంది. ఫోన్‌లో శృతి చూసే యాప్ పెట్టి పియానో స్వరాలు చూడు. అన్నీ ఒకే మేర పక్కకి జరిగి ఉంటే టేపు వేగం తేడా. ఒక శాతం వేగానికి 17 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు), ఆరు శాతానికి దాదాపు ఒక అరస్వరం. అసలు ముద్రణలో ఎఫ్‌లో ఉన్న పాట ఎఫ్ షార్ప్‌లో వినబడితే టేపు ఆరు శాతం వేగంగా తిరిగిందన్న మాట. అయితే ముందు నీ టర్న్‌టేబుల్ సరిగ్గా 33⅓ తిరుగుతోందో లేదో చూసుకో, నేరం దాని మీదే ఉండొచ్చు.

కొనేటప్పుడు గ్రేడు వీజీ ప్లస్ (‘వెరీ గుడ్’ కంటే ఒక మెట్టు పైన) కంటే తక్కువైతే చౌకైనా వద్దు. 1960లలో బరువైన సూదులతో అరిగిన గాడికి పైకి గీత కనబడదు, మెరుస్తూనే ఉంటుంది. టెనర్ గట్టిగా పలికేచోట, ముఖ్యంగా వైపు చివర్లో లేబుల్‌కి దగ్గరగా, బరబరమని చీలుతుంది. ఇది కడిగితే పోదు. అందుకని ప్రతి వైపు చివరి నిమిషం రికార్డు చేసి పంపమని అడుగు. రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కవరుతో సహా అట్ట వెనక విడిగా పెట్టి పంపమని కూడా చెప్పు. లేకపోతే దారిలో కుదుపులకి అట్ట అంచు చీలుతుంది. హైదరాబాదుకి తెప్పిస్తే పార్సిల్‌లో అసలు ధర ఉన్న బిల్లు తప్పకుండా ఉండాలి. ‘గిఫ్ట్’ అని తక్కువ రాయించుకుంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోతుంది, పైగా పోతే బీమా కూడా రాదు. సుంకం ఎంతో కొనే రోజున చూసుకుని, తపాలా ఖర్చుతో కలిపి ధర లెక్కేసుకో. ఒక్కొక్కటి తెప్పించే బదులు ఒకే మనిషి దగ్గర నాలుగైదు కలిపి తెప్పిస్తే తపాలా కలిసొస్తుంది.

వచ్చినదాన్ని వెంటనే వాయించకు, ముందు కడుగు. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్, ఫోటోలు కడిగే వాళ్ళు వాడే వెట్టింగ్ ఏజెంట్ రెండు మూడు చుక్కలు. మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తిప్పు, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు. చుక్క ఎక్కువైతే గాడిలో జిగురు మిగిలి సూదికి చుట్టుకుంటుంది. బోరు నీళ్ళు ముట్టుకోకు, ఎండాక ఉప్పు తేలుతుంది. పూర్తిగా ఆరాక కొత్త కవర్లో పెట్టు, పాతది అట్టలోనే విడిగా దాచు. పీవీసీ కవర్లు వాడితే రికార్డు మీద పొగ పట్టినట్టు మచ్చలు పడతాయి, పాలీథీన్ వాడు. నిలువుగానే పెట్టాలి. పడమటి గోడకి ఆనించకు, మే నెల సాయంత్రాలు ఆ గోడ వేడికే రికార్డు వంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బూజు తెల్ల చుక్కలుగా వస్తుంది. అరలో సిలికా జెల్ సంచులు పెట్టి నెలకోసారి ఆరబెట్టు.

సూది సంగతి. కోపెన్‌హాగెన్‌లోనే పుట్టిన కంపెనీ ఆర్టోఫాన్ కాబట్టి ఈ రికార్డులకి అది పెట్టుకోవడం ఒక సరదా. వాళ్ళ 2ఎం రెడ్ రకం అయితే సూది రికార్డు మీద మోపాల్సిన బరువు 1.8 గ్రాములు. తక్కువ పెడితే రికార్డు తక్కువ అరుగుతుందనుకోకు, సూది గాడిలో ఎగిరి టెనర్ పెద్ద స్వరాల్ని చీలుస్తుంది. పాత మోనో బ్లూ నోట్‌లు ఎక్కువైతే మోనో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) ఒకటి విడిగా పెట్టుకో. మోనో గాడికి సూది మొన 25 మైక్రాన్లు, స్టీరియోకి 18. మోనో కార్ట్రిడ్జ్ పై కిందికి ఊగే రొదని పట్టించుకోదు కాబట్టి చిటపటలు సగం అక్కడే పోతాయి.

మొదటి విడతలో ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’ ఇప్పటి ముద్రణ, ‘చీజ్ కేక్’, ‘కింగ్ నెప్ట్యూన్’, ‘లలబై ఫర్ ఎ మాన్‌స్టర్’ సీడీలు తెప్పించు. తొలి ముద్రణలు ఏడాది ఆగాక. ఈ నాలుగింటికీ పట్టిక నింపి పంపు, నిడివులు సరిచూసి పంపుతాను.

ఆశీస్సులతో,
మావయ్య