కార్నెగీ హాల్‌లో మైకు ఎక్కడ?

"న్యూయార్క్ కార్నెగీ హాల్ ఎప్పుడో 1891 నాటిది కదా, ఇప్పటికీ దాన్ని అంతగా ఎందుకు పొగుడుతారు?" అని ఒకరు అడిగారు. అది సంగీత కచేరీల హాలు. మా నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లిన రోజు సంగతి చెబుతాను.

నాన్నగారు తెనాలిలో నలభై ఏళ్లు మృదంగం వాయించారు. మాకు దొరికిన చవక టికెట్లు అన్నిటికన్నా పై బాల్కనీలో. లిఫ్టు అక్కడిదాకా రాదు, 137 మెట్లు ఎక్కాలి. ఆయన మోకాలు పట్టుకుని మలుపు మలుపుకీ ఆగుతుంటే నాకు ఒకటే టెన్షన్. తీరా కూర్చుని చూస్తే వేదిక అరచెయ్యంత కనిపించింది. వయొలిన్ ఆవిడ కమాను పక్కకి తీసి, ఒక్క తీగని వేలితో మీటింది. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని, "మైకు ఎక్కడరా?" అన్నారు.

"మైకు లేదు నాన్నా."

ఏ పాట విన్నా ఆయన వేళ్లు తాళం వేస్తూనే ఉంటాయి. ఆ రోజు చివరిదాకా కదల్లేదు.

ఆ హాలుకి ఉక్కు చట్రం లేదు, మందపాటి ఇటుక గోడలే. ప్లాను గీసిన విలియం టుట్‌హిల్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కూడా వాయించేవారు. నన్నడిగితే గుట్టంతా అక్కడే ఉంది. వాద్యం పట్టిన చెయ్యే ఆ హాలుని గీసింది. ప్రారంభ కచేరీలో తన సంగీతాన్ని నడిపించడానికి స్వరకర్త చైకోవ్‌స్కీ రష్యా నుంచి వచ్చారు.

అలాంటిదాన్ని 1960లో కూల్చేయబోయారు! వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ ముందు నిలబడి పోరాడితే, నగరమే 50 లక్షల డాలర్లకి కొనుక్కుంది. 1986లో మరమ్మతులయ్యాక శబ్దం మారిపోయిందని వాద్యకారులు మొత్తుకున్నారు. హాలు నడిపేవాళ్లు అదేం లేదన్నారు. 1995లో వేదిక చెక్కలు ఊడదీస్తే కింద కాంక్రీటు కనిపించింది. తొమ్మిదేళ్లు! వాయించేవాళ్ల చెవిని ముందే నమ్మి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదు.

మనవాళ్లదీ అదే జబ్బు. ఇక్కడ న్యూజెర్సీలో స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని, నూట యాభై మంది కోసం మనిషెత్తు స్పీకర్లు పెడతారు. తంబురా శ్రుతి వినపడదు, గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు మాత్రం వినపడుతుంది. పోయినసారి వచ్చినప్పుడు నాన్నగారు ఒక కచేరీలో వాయించారు. మొదలుపెట్టే ముందు, "బాబూ, మృదంగానికి మైకు తీసేయండి, చిన్న హాలేగా" అని అడిగారు. తీయలేదు.