పెట్రోలు దొరకని రోజున ఊరు ఖాళీ చేయడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుపాన్ల గురించే. అక్టోబరు దగ్గర పడుతుంటే సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల పాఠకులకు వేరే ఆలోచన రాకపోవడం సహజమే. వాటిలో ఇంధనం కొరత గురించి, బండ్లు లేకుండా మనుషులను తరలించడం గురించి అడిగిన ఉత్తరాలను ఏరి ఇక్కడ సమాధానాలిస్తున్నాం.

ప్రశ్న: మాది కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. తిత్లీ తుపాను తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, బంకుల్లో పెట్రోలు దొరకలేదు. ఇంటింటికీ మోటారు సైకిలు ఉన్నా ఒక్కటీ కదల్లేదు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే బండ్లు లేకుండా ఊరిని ఖాళీ చేయించడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. అయితే పెట్రోలు ఎప్పుడు అయిపోతుందో, ఎందుకు అయిపోతుందో ముందు తెలుసుకోవాలి. తుపాను తీరం దాటడానికి ముందు రోజు వరకు బంకుల్లో ఇంధనం సాధారణంగా ఉంటుంది. దాటిన తర్వాతే చిక్కు మొదలవుతుంది. కరెంటు లేకపోతే బంకులోని పంపు నడవదు, జనరేటరు ఉన్నచోట మాత్రమే నూనె పైకి వస్తుంది. విశాఖపట్నం నుంచి వచ్చే ట్యాంకర్లు జాతీయ రహదారి మీద పడిన చెట్లు, స్తంభాలు తొలగించేదాకా ఆగిపోతాయి. సెల్ టవర్లు పడిపోతే ఫోనుతో డబ్బు చెల్లించే వీలూ ఉండదు కనుక, చేతిలో నోట్లు లేనివారికి ఉన్న పెట్రోలు కూడా అందదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక బంకుల ముందు బారులు తీరిన జనాన్ని చూసినవారికి ఇదంతా కొత్త సంగతి కాదు.

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దాని గాలికి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయని అందరికీ తెలుసు. అది ఒడిశా కొండల్లో కురిపించిన వానకు వంశధార, బాహుదా, మహేంద్రతనయ పొంగిన సంగతిని మాత్రం తీరంలో చాలామంది మరిచిపోతుంటారు. అంటే ఒక్క తుపానుకు ఊరు రెండుసార్లు కదలాల్సి రావచ్చు. మొదటిసారి గాలికి ముందు, ట్యాంకులు నిండి ఉన్నప్పుడు కదులుతాం. రెండోసారి వరద కారణంగా, తుపాను వెళ్లిపోయిందని ఊపిరి పీల్చుకున్న తర్వాత, ట్యాంకులు ఖాళీ అయ్యాక కదలాల్సి వస్తుంది. బండ్లు లేని ప్రయాణానికి సిద్ధం కావాల్సింది ముఖ్యంగా ఈ రెండో తరలింపు కోసం.

ఇక దూరం మాట. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది కానీ, ఆ తీరంలోని ఏ ఊరివారైనా ప్రాణం కాపాడుకోవడానికి వంద కిలోమీటర్లు పోనక్కర్లేదు. తుపాను రక్షణ భవనమో, మెరకలో ఉన్న పక్కా బడి భవనమో చాలా ఊళ్లకు నడక దూరంలోనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. పిల్లలు, ముసలివాళ్లు, మూటలు కలిసిన గుంపు మూడు కిలోమీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన నాలుగు కిలోమీటర్ల దూరానికి గంటన్నర లోపే పడుతుంది. వాతావరణ శాఖ తుపాను అప్రమత్తతను సాధారణంగా 48 గంటల ముందు, తుపాను హెచ్చరికను 24 గంటల ముందు జారీ చేస్తుంది కాబట్టి గంటన్నర నడక ఎవరికీ అసాధ్యం కాదు. పెనుగాలి మొదలయ్యాక, చీకట్లో, కొబ్బరి చెట్ల కింద నడవాల్సి రావడమే ప్రమాదం. తెల్లవారుజామున తీరం దాటుతుందని చెబితే, ముందు రోజు మధ్యాహ్నం భోజనం కాగానే ఊరు బయలుదేరాలి. ‘సాయంత్రం దాకా చూద్దాం’ అన్న మాట ఏ ఇంట వినిపించినా, ఆ ఇంటి పెద్దను ఊరి పెద్దలే వెళ్లి ఒప్పించాలి.

కాళ్లున్నవాళ్లు నడిస్తే, ఉన్న కొద్దిపాటి ఇంధనం కాళ్లు లేనివాళ్లకు మిగులుతుంది. ఐదు లీటర్లు పోసిన ఆటో లీటరుకు 25 కిలోమీటర్ల చొప్పున 125 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. మూడు కిలోమీటర్ల దూరంలోని భవనానికి వెళ్లి రావడానికి ఆరు కిలోమీటర్లు అవుతుంది కనుక 20 సార్లు తిరగవచ్చు. తడవకు ముగ్గురిని ఎక్కించినా 60 మంది నడవలేనివారు చేరిపోతారు. అవే ఐదు లీటర్లు పది మోటారు సైకిళ్లలో అరలీటరు చొప్పున పంచితే, ఆ పది బండ్లూ వాటి యజమానులనే మోసి ఊరుకుంటాయి. అందుకని సెప్టెంబరులోనే గ్రామ సచివాలయం సిబ్బందితోనూ ఆశా కార్యకర్తతోనూ కూర్చుని మంచం పట్టినవారు, నెలలు నిండిన గర్భిణులు, బాలింతలు, చూపు లేనివారు ఏ వీధిలో ఎందరున్నారో పేర్లు రాయించుకోండి. ఏ ఆటో ఎవరి ఇంటికి వెళ్లాలో కూడా ఆ కాగితం మీదే రాయించండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077 దాని పైభాగాన ఉండాలి.

ప్రశ్న: నేను పోలాకి మండలం రైతును. నాకు రెండెడ్ల నాటుబండి ఉంది. గడ్డికీ ఎరువుకూ తోలుకుంటున్నాను. అవసరమైతే మనుషుల్ని చేరవేయడానికి అది పనికొస్తుందా? సైకిళ్లతో ఏమైనా ప్రయోజనం ఉందా?

జవాబు: మీ బండి నిక్షేపంగా పనికొస్తుంది. టైరు చక్రాల నాటుబండి మీద పదిమందిని ఎక్కించినా బరువు అయిదారు క్వింటాళ్లకు మించదు, మంచి జోడుకు అది పెద్ద బరువు కాదు. కాని ఎడ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే నడుస్తాయి, అంటే మనిషి నడకతో సమానం. కనుక బండి ఎక్కినందువల్ల తొందరగా చేరేది ఏమీ లేదు, నడవలేనివారు చేరడమే లాభం. నడవగలిగినవారు బండి పక్కనే నడవాలి. వారిలో ఇద్దరు గొడ్డలి, రంపం పట్టుకుని ముందు నడవడం అవసరం, ఎందుకంటే అడ్డంగా పడిన కొబ్బరి మొద్దును మోటారు సైకిలైతే పక్కనుంచి తప్పించుకుపోతుంది గాని జోడెడ్ల బండి దాటలేదు.

నీటి విషయంలో మాత్రం మొండి ధైర్యం వద్దు. వేగంగా పారే నీరు ఆరంగుళాల లోతున్నా మనిషిని పడదోయగలదు, అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులుంటే చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. ఎడ్లు ఈదగలిగినా కాడికి కట్టి ఉన్నప్పుడు ఈదలేవు, పైగా మునిగిన కల్వర్టు అంచు ఎక్కడుందో తోలేవాడికి కనబడదు. కాడికి కట్టే పలుపులను ఒక్క లాగుతో ఊడివచ్చేలా ముడివేసుకోండి. పారే నీరు ఎదురైతే బండి ఆపేసి మెరక వైపు తిప్పండి. ఊళ్లో వదిలి వెళ్లే పశువులను కట్టుకొయ్య నుంచి తప్పనిసరిగా విప్పి వదలాలి. కట్టేసిన గొడ్డుకు ఈత వచ్చినా తప్పించుకునే దారి ఉండదు.

సైకిలుకు మన ఊళ్లలో ఈమధ్య గౌరవం తగ్గింది కాని, ఇలాంటప్పుడు దాని విలువ తెలుస్తుంది. తొక్కే మనిషి బరువు కాకుండా 40, 50 కిలోల బరువును క్యారేజీ మీద కట్టి నెట్టుకుపోవచ్చు. ముసలామెను క్యారేజీ మీద కూర్చోబెట్టి ఒకరు హ్యాండిలు, మరొకరు వెనక భుజం పట్టుకుంటే కిలోమీటర్ల కొద్దీ తీసుకుపోవచ్చు. కాళ్లు చువ్వల్లో పడకుండా ఒక గోనెసంచిని చక్రానికి పక్కగా కట్టాలి. పంక్చరు సామాను, గాలి పంపు ఊరికి ఒక్క జత ఉన్నా సరిపోతుంది. గాలి బలంగా వీస్తున్నప్పుడు తొక్కడానికి ప్రయత్నించవద్దు, దిగి నెట్టుకుంటూ పోవాలి. తీరం వెంట ఇసుక దారుల్లో సన్నని టైరు దిగబడుతుంది కాబట్టి అక్కడ నాటుబండే మేలు.

ప్రశ్న: సోంపేట దగ్గర మా ఊరు. మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. తుపాను వచ్చి దారులు మూసుకుపోతే, ఆటోలకు డీజిలు లేకపోతే నేనేం చేయాలి?

జవాబు: బాబూ, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఈ ప్రశ్న మీ ఒక్కరిది కాదు. మీ అమ్మగారి విషయంలో తుపాను తర్వాత ప్రయాణం గురించి కాక, తుపానుకు ముందే ప్రయాణం గురించి ఆలోచించాలి. ఒక్కసారి డయాలసిస్‌కు యంత్రం వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీటిని వాడుకుంటుంది, నాలుగు గంటల పాటు కరెంటు కావాలి. మీరు ఎంతో కష్టపడి ఆమెను కేంద్రానికి చేర్చినా, అక్కడ నీరో కరెంటో లేకపోతే ఆ శ్రమంతా వృథా. కనుక తుపాను హెచ్చరిక వినగానే కేంద్రానికి వెళ్లి, వచ్చే విడతను ముందుకు జరపమని అడగండి. వీలైతే పెద్ద ఆసుపత్రి ఉన్న పలాసలోనో, శ్రీకాకుళంలోనో బంధువుల ఇంట ఆ నాలుగు రోజులు ఉంచండి. మొదటి రోజే బస్సులో, రైలులో తేలికగా అయ్యే ప్రయాణం ఇది. పెనుతుపాను వచ్చే ముందు రైళ్లు రద్దు చేస్తారు, అప్పటిదాకా ఆగవద్దు.

విడత ఆలస్యమయ్యే పరిస్థితే వస్తే ఆహారంలోనే జాగ్రత్త పడాలి. నీరు, ఉప్పు, పొటాషియం బాగా తగ్గించాలి. రోజుకు ఎంత నీరు, ఏ ఆహారం అన్నది ఆమె డాక్టరును ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. ఒక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తుపాను మరునాడు మంచినీరు దొరకదు, తోట నిండా రాలిన బొండాలు ఉంటాయి, ఎవరో ప్రేమగా కొట్టి ఇస్తారు. మామూలు మనిషికి అది అమృతమే కాని, డయాలసిస్ రోగికి కొబ్బరి నీళ్లలోని పొటాషియం గుండె ఆగిపోయేంత ప్రమాదం తేగలదు. అరటిపండు విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. ఈ మాట మీ అమ్మగారితో పాటు ఇరుగుపొరుగు వారికి కూడా చెప్పి ఉంచండి.

ప్రశ్న: ముందు జాగ్రత్తగా ఇరవై లీటర్ల పెట్రోలు ప్లాస్టిక్ డబ్బాల్లో ఇంట్లో దాచుకుంటే తప్పేమిటి? – ఇచ్ఛాపురం

జవాబు: దాచవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేల మీద పాకుతూ పక్క గదిలోని దీపం దాకా పోతుంది. తుపాను రాత్రుల్లో ప్రతి ఇంట్లోనూ దీపమో కొవ్వొత్తో వెలుగుతూనే ఉంటుంది కదా! అక్టోబరు, నవంబరు నెలల్లో బండి ట్యాంకును సగానికి తగ్గకుండా ఉంచుకోండి, అది చాలు. వరద నీటిలో మునిగిన బండిని మాత్రం వెంటనే స్టార్టు చేయకండి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, ట్యాంకులోకి నీరు చేరితే ఆ ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది, ఇంజను పాడవుతుంది.

ప్రశ్న: పూసపాటిరేగలో నేను కరెంటు ఆటో నడుపుతున్నాను. పెట్రోలుతో పని లేదు కనుక తుపానులో నా బండే అందరికీ దిక్కని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పెట్రోలు కొరత మీ బండిని ఆపదు, కరెంటు కోత ఆపుతుంది. తుపానుకు ముందే కరెంటు తీసేసే ఊళ్లు చాలా ఉంటాయి కాబట్టి, హెచ్చరిక వచ్చిన రోజు రాత్రే పూర్తిగా చార్జి చేసి, మరునాడు బేరాలు మానుకుని బ్యాటరీని దాచిపెట్టండి. నిండిన చార్జి ఇప్పుడు మామూలుగా ఎంత దూరం వస్తుందో, తరలింపుకు అందులో మూడింట రెండు వంతులే లెక్కేసుకోవడం మంచిది, ఎదురుగాలికీ నిండు బరువుకూ మిగతాది కరిగిపోతుంది. ఇళ్లలోని చిన్న ఇన్వర్టరు మీ ఆటోను చార్జి చేయగలదని ఆశ పెట్టుకోవద్దు. ఆసుపత్రిలోనో సెల్ టవరు దగ్గరో జనరేటరు ఉంటే వాళ్లతో ముందే మాట్లాడుకోండి. బ్యాటరీ పెట్టె దాకా నీళ్లు వచ్చే దారిలోకి దిగకండి, ఒకవేళ తడిస్తే మెకానిక్ చూడకుండా చార్జింగు పెట్టకండి.

ప్రశ్న: శృంగవరపుకోట దగ్గర కొండ మీద గిరిజన పల్లె మాది. మాకు పెట్రోలు ఉన్నా లేకపోయినా ఒకటే, ఎప్పుడూ డోలీయే (కర్రకు దుప్పటి కట్టి మనిషిని మోయడం). వానల్లో రోగిని దించేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు చెప్పగలరు.

జవాబు: మీ ప్రశ్న చదివాక, పై జవాబులన్నీ మైదానంవారికి అప్పుడప్పుడు వచ్చే కష్టం గురించేనని ఒప్పుకోవాలి. రోడ్డు వేయాలని మీరు అడుగుతున్నది న్యాయం, దానికి డోలీ ప్రత్యామ్నాయం కాదు. ఈలోగా కొన్ని పనులు చేయవచ్చు. దుప్పటి డోలీలో మనిషి నడుము వంగి, ఛాతీ నొక్కుకుపోతుంది. అందువల్ల ఆయాసంతో ఉన్నవారిని, గుండె నొప్పి ఉన్నవారిని ఒక గట్టి ప్లాస్టిక్ కుర్చీకి రెండు పక్కలా వెదురు బొంగులు కట్టి, కూర్చోబెట్టి దించండి. కూర్చుంటే ఊపిరి తేలికగా ఆడుతుంది. చెట్టు మీద నుంచి పడి వెన్ను, తుంటి దెబ్బతిన్నవారిని డోలీలో అసలు వేయకూడదు. తలుపు చెక్క మీదో నులకమంచం మీదో కదలకుండా కట్టి, నలుగురు మోయాలి. గర్భిణిని పడుకోబెట్టాల్సి వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నెలలు నిండకముందే కిందికి దించి, ఆసుపత్రి దగ్గరే ఎక్కడైనా ఉంచగలిగితే అంతకన్నా మంచిది లేదు.

ఇద్దరే చివరిదాకా మోస్తే తడి రాళ్ల మీద కాలు జారుతుంది. కనీసం ఆరుగురు బయలుదేరి తరచుగా భుజం మార్చుకోవాలి, ఒకరు ముందు కర్రతో దారి తడిమి చూడాలి. గెడ్డ (కొండవాగు) పొంగి పారుతుంటే దాటవద్దు, అది తగ్గేదాకా ఇవతల ఒడ్డునే రోగిని వెచ్చగా ఉంచండి. ఇంటి దగ్గర సిగ్నలు ఉంటే డోలీ ఎత్తకముందే 108కి ఫోను చేసి, ఏ మలుపు దగ్గర రోడ్డు ఎక్కుతారో చెప్పండి. సిగ్నలు లేకపోతే చురుకైన కుర్రవాడిని ముందుగా కిందికి పంపండి. అతను ఫోను చేసి ఊరుకోకుండా, అంబులెన్సు వచ్చేదాకా ఆ మలుపులోనే నిలబడి ఉండాలి.