చలి ముదిరేలోపు రిమోట్ స్టార్ట్ పెట్టించుకో

"ఆగస్టులో హైదరాబాద్ నుంచి అమెరికాలో మినియాపోలిస్ వచ్చాం అన్నయ్యా. సెకండ్ హ్యాండ్‌లో 2013 క్యామ్రీ కొన్నాను, తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే రకం. మా అపార్ట్‌మెంటుకి గరాజ్ లేదు. ఆఫీసులో అందరూ రిమోట్ స్టార్ట్ పెట్టించుకోమంటున్నారు. షాపువాడేమో అలారం కూడా కలిపి తీసుకోమంటున్నాడు. అవసరమా? మా ఆవిడ కోసం కొత్త కారు కూడా చూస్తున్నాం. దానికి బయట పెట్టిస్తే వారంటీ పోతుందా?"

రిమోట్ స్టార్ట్, అంటే ఇంట్లోంచే రిమోట్ నొక్కి కారు ఇంజన్ ఆన్ చేసే పరికరం, పెట్టించుకో తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు. అలారం సంగతి తర్వాత చెప్తాను.

జనవరిలో ఇక్కడ మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి దిగే తెల్లవారుజాములు ఉంటాయి. మన సెల్సియస్‌లో మైనస్ 29. రాత్రంతా బయట ఉన్న కారు సీటు ఆ చలికి చెక్కబల్లలా బిగుసుకుపోతుంది. స్టీరింగ్ పట్టుకుంటే గ్లవ్స్ ఉన్నా వేళ్ళు కొంకర్లు పోతాయి. ముందు అద్దం మీద మంచు గీకేసరికి ఆఫీసు టైమ్ కాస్తా అయిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు కెటిల్ పట్టుకొచ్చి వేడినీళ్ళు పోస్తారు. ఆ పని మాత్రం చెయ్యకు, అద్దం పగులుతుంది. ఇక ఇంజన్‌కి గంటల తరబడి వేడెక్కే అవసరమేమీ లేదు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ నిమిషంలోపే కదలడానికి సిద్ధమవుతుంది, మొదట్లో కాస్త నెమ్మదిగా నడిపితే చాలు. రిమోట్ స్టార్ట్ వల్ల సుఖపడేది నువ్వూ, నీ ముందు అద్దమూ.

కీ పెట్టి ఇంజన్ ఆన్ చేసి, పైకెళ్ళి కాఫీ తాగి వస్తే సరిపోదా అంటారు కొందరు. కారు దొంగలు చలికాలం కోసం ఎదురుచూసేది అందుకే. పైగా అలా వదిలేస్తే పోలీసులు టికెట్, అంటే జరిమానా, రాసే ఊళ్ళున్నాయి. కొలరాడోలో 2016లో చట్టం మార్చి, రిమోట్ స్టార్టర్ ఉన్న కార్లకి మినహాయింపు ఇచ్చారు. మిషిగన్‌లో ఇంటి డ్రైవ్‌వేలో నడుస్తూ ఉన్న కారుకి టికెట్ రాస్తే పెద్ద గొడవై, 2017లో ఆ రూలే సడలించారు. నువ్వున్న ఊరి రూలేమిటో ఒకసారి చూసుకో. రిమోట్ స్టార్ట్‌తో అయితే కారు తలుపులు లాక్ అయి ఉంటాయి, కీ నీ జేబులోనే ఉంటుంది. ఎవడైనా లోపలికి దూరినా, కీ లేకుండా బ్రేక్ తొక్కగానే ఇంజన్ ఆగిపోతుంది.

అసలు మాట ఇప్పుడు. మన దగ్గర ఆల్టో కొన్న రోజే కార్ డెకార్ షాపుకి తీసుకెళ్ళి ఆటోకాప్ సెంట్రల్ లాక్ వేయించిన అనుభవంతో, ఇదీ అలాంటిదే అనుకుని బేరానికి దిగుతాం. వైపర్ కంపెనీదా, కంపూస్టార్ కంపెనీదా, రేంజ్ వెయ్యి అడుగులా, మూడు వేల అడుగులా అని డబ్బా గురించి బోలెడు రీసెర్చ్ చేస్తాం. డబ్బా ఏదైనా ఒకటే. ఆ డబ్బాని నీ కారు వైర్లకి కలిపే చెయ్యి ఎలాంటిదో చూసుకో. నా మాట వింటే సగం రీసెర్చ్ ఆ మనిషి మీద చెయ్యి.

ఎందుకో చెప్తాను. ఇప్పటి కార్లలో చాలావాటికి తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. ఆ చిప్ కోడ్ కారుకి అందకపోతే ఇంజన్ అంటుకోదు, దాన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. రిమోట్ నొక్కినప్పుడు కీ నీ జేబులో ఉంటుంది కదా, మరి కోడ్ ఎవరిస్తారు? అందుకు బైపాస్ మాడ్యూల్ అని చిన్న పెట్టె ఇంకొకటి పెడతారు. పనిమంతుడైతే స్టీరింగ్ కింది ప్యానెల్ విప్పి, కంపెనీ ప్లగ్గుల మధ్యలో నీ మోడల్‌కే తయారైన టీ హార్నెస్ అనే రెడీమేడ్ వైర్ల కట్ట బిగిస్తాడు, వైరు కొయ్యనే కొయ్యడు. మాడ్యూల్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి ప్రోగ్రామ్ చేస్తాడు. అన్నిటినీ జిప్ టైలతో కట్టి, పెడల్స్ మీదికి వేలాడకుండా సర్దుతాడు. హడావిడి మనిషైతే వైరు పొట్టు తీసి, రెండో వైరు మెలిపెట్టి, టేపు చుట్టి పంపిస్తాడు. మా కొలీగ్ ఒకరి కారుకి ఒక షాపువాళ్ళు ఇలాగే చేశారు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆఫీసు పార్కింగ్‌లో కీ తిప్పితే చప్పుడు లేదు. టో ట్రక్కు వచ్చింది, వేరే మెకానిక్ ప్యానెల్ విప్పి చూస్తే టేపు ఊడి వైరు వదులై ఉంది. తక్కువలో అయిపోయిందని మురిసిన డబ్బంతా ఆ ఒక్కరోజే పోయింది.

కాబట్టి షాపులో ధర అడిగే ముందు, నా మోడల్‌కి టీ హార్నెస్ ఉందా, బైపాస్ మాడ్యూల్ ధర కలిపే చెప్తున్నారా, పనికి ఎన్నేళ్ళ గ్యారంటీ రాసిస్తారు అని అడుగు. బానెట్ కింద స్విచ్ పెడతారా అని కూడా అడుగు. ఆ స్విచ్ ఉంటే బానెట్ తెరిచి ఉన్నప్పుడు రిమోట్ నొక్కినా ఇంజన్ తిరగదు, మెకానిక్ చేతివేళ్ళు భద్రం. దాన్ని వదిలేద్దాం అనే షాపులో ఇంకో నిమిషం ఉండకు. ఈ పని అక్టోబర్‌లోనే చేయించు. మొదటి మంచు పడ్డాక అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం, దొరికినా హడావిడి పనే. బ్యాటరీ పాతదైతే ముందు అది మార్పించు, నీరసించిన బ్యాటరీకి ఏ రిమోటూ ప్రాణం పొయ్యలేదు. గేర్లు మార్చే మాన్యువల్ కారైతే మాత్రం గేరులో వదిలే అలవాటు ప్రమాదం, రిమోట్ నొక్కగానే కారు కదిలిపోతుంది. దానికి వేరే పద్ధతి ఉంది, అది బాగా తెలిసిన షాపుకే వెళ్ళాలి.

వాడకంలో రెండు మాటలు. రాత్రి కారు ఆపే ముందు హీటర్‌ని ముందు అద్దం మీదికి, వేడి ఎక్కువకి తిప్పి వదిలెయ్. నువ్వు ఎలా వదిలితే పొద్దున అలాగే మొదలవుతుంది. వైపర్లు మాత్రం ఆఫ్ చెయ్యి, లేకపోతే మంచుకి అతుక్కున్న వైపర్లని లాగి లాగి మోటార్ కాలిపోతుంది. పొద్దున లోపల కూర్చున్నాక కీ పెట్టి ఆన్ దాకా తిప్పు, స్టార్ట్ దాకా వద్దు, ఇంజన్ అప్పటికే నడుస్తోంది. ఆ తర్వాతే బ్రేక్ తొక్కు. తొందరపడి ముందే తొక్కితే ఆగిపోతుంది. బటన్ నొక్కే కార్లలో కొన్ని తలుపు తెరవగానే ఆగిపోతాయి, కొనే ముందే కనుక్కో.

రేపు గరాజ్ ఉన్న ఇంట్లోకి మారితే ఈ మాట గుర్తుంచుకో. గరాజ్‌లో ఉన్న కారుని రిమోట్‌తో స్టార్ట్ చెయ్యకూడదు, తలుపు ఎత్తి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. గరాజ్‌ని ఆనుకునే ఇళ్ళు కట్టిన దేశం ఇది, పడకగది సరిగ్గా దాని పైనే ఉండొచ్చు. పిల్లల చేతికి రిమోట్ ఇవ్వకు. గరాజ్‌లో పెట్టే రోజుల్లో దాన్ని వాలే మోడ్‌లో, అంటే రిమోట్ స్టార్ట్ పనిచెయ్యకుండా ఆపేసే సెట్టింగులో, పెట్టేస్తే పొరపాటున నొక్కినా ఏమీ కాదు. బయట పెట్టినప్పుడు కూడా సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయిందేమో చూసుకో.

అలారం నీ క్యామ్రీకి అక్కర్లేదు. షాక్ సెన్సార్ సున్నితంగా పెడితే చెట్టు మీంచి మంచుగడ్డ పడినా అర్ధరాత్రి సైరన్ మోగుతుంది, తెల్లారేసరికి అపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. కానీ ఎవరైనా 2011 నుంచి 2022 మధ్య మోడల్ హ్యుందాయ్, కియా కార్లు, కీ తిప్పి స్టార్ట్ చేసేవి కొంటుంటే లెక్క వేరు. అమెరికాలో అమ్మిన వాటిలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు, 2022లో టిక్‌టాక్ వీడియోలు చూసి కుర్రాళ్ళు వాటిని ఎత్తుకుపోయారు. కంపెనీలు 2023 నుంచి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించి, దానిమీద అలారం పెట్టించుకుంటే మంచిదే. అప్‌డేట్ సంగతి ఇన్‌స్టాల్ చేసేవాడికి ముందే చెప్పాలి. ఇన్సూరెన్స్ ఏజెంటుకీ ఒక మాట వెయ్యి, కాంప్రహెన్సివ్ ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే కంపెనీలున్నాయి.

కొత్త కారు వారంటీ బయట పెట్టించినంత మాత్రాన పోదు. 1975 నాటి మాగ్నుసన్ మాస్ అనే అమెరికా వారంటీ చట్టం ప్రకారం, ఫలానా చెడిపోవడానికి ఈ పరికరమే కారణమని కంపెనీ చూపించాలి. వైరింగ్ నిజంగానే కాలితే ఆ రిపేరు మాత్రం నీ నెత్తినే పడుతుంది. అందుకని మీ ఆవిడ కారుకి డీలర్ దగ్గరే కంపెనీ రిమోట్ స్టార్ట్ ఉంటే ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. అది రిమోట్‌తో పనిచేస్తుందా, నెలనెలా చందా కట్టే యాప్‌తోనా అన్నది సంతకం పెట్టే ముందే తేల్చుకోండి. లీజు కారైతే ఏదీ పెట్టించకుండా ముందు లీజు కంపెనీ అనుమతి కాగితం మీద తీసుకోండి.