ఇస్లామిక్ బ్యాంకింగ్ డిప్లొమా: లక్ష కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం, అబ్బాయి ఫుడ్ టెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నారు. వడ్డీతో నడిచే బ్యాంకులో ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. దుబాయ్‌లో ఉన్న మా బావమరిది, ఇస్లామిక్ బ్యాంకింగ్ డిప్లొమా చేస్తే అమ్మాయికి అక్కడ ఉద్యోగం ఖాయం అంటున్నాడు. ఒక ఆన్‌లైన్ సంస్థ లక్షకు పైగా ఫీజు అడుగుతోంది. అబ్బాయికి హలాల్ సర్టిఫికేషన్‌లో అవకాశాలు ఉంటాయా? - ఒక తండ్రి, కడప

జవాబు: ఆ లక్ష ఇప్పుడే కట్టకండి సార్. ఈ రంగం మంచిదే, కానీ మీ అమ్మాయి ఇంకా ఆ మెట్టు దగ్గరికి రాలేదు.

ఇస్లామిక్ బ్యాంకులో పని ఎలా ఉంటుందో చూడండి. కారు కావాలని వచ్చినవారికి ఆ బ్యాంకు వడ్డీకి అప్పు ఇవ్వదు. తానే కారు కొని, కొన్న ధర ఇంత, నా లాభం ఇంత అని చెప్పి వాయిదాల మీద అమ్ముతుంది. దీన్ని మురాబహా అంటారు. కారు ముందు బ్యాంకు సొంతం కావాలి, ఆ తర్వాతే అమ్మకం. ఈ వరస తప్పితే షరియా, అంటే ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం ఒప్పందం నిలవదు. వాయిదా ఆలస్యమైతే వేసే జరిమానాను బ్యాంకు తన లాభంలో కలుపుకోకుండా దానధర్మాలకు ఇచ్చేస్తుంది. ఇదంతా పద్ధతిగా జరిగిందా అని ఫైళ్లు తెరిచి చూడటమే షరియా ఆడిట్. ఏది సమ్మతమో తేల్చేది షరియా బోర్డులోని పండితులు, వాళ్ల చదువు వేరు. ఇన్‌వాయిస్ తేదీ, ఒప్పందం తేదీ పక్కపక్కన పెట్టి తప్పు పట్టుకోవాలంటే మాత్రం అకౌంట్స్ మీద పట్టు ఉండాలి. అది డిప్లొమాతో రాదు.

మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకులు లేవు. 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం కింద ఆ పద్ధతికి చోటు లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫార్సు చేసింది. 2017కి వచ్చేసరికి ఆ ప్రతిపాదనతో ముందుకు వెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పేసింది. ఇక్కడ మిగిలింది టాటా ఎథికల్ లాంటి మ్యూచువల్ ఫండ్లు, నిఫ్టీ షరియా షేర్ సూచీలు. మద్యం, వడ్డీ వ్యాపారం, అప్పులు ఎక్కువున్న కంపెనీలను ఏరేసే పని అది. ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి.

గల్ఫ్‌లో అవకాశాలు నిజంగానే ఉన్నాయి. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు 1975 నుంచి నడుస్తోంది. అయితే చేరిక స్థాయి ఉద్యోగాల్లో తమ పౌరులనే తీసుకోవాలని అక్కడి ప్రభుత్వాలు బ్యాంకుల మీద ఒత్తిడి పెంచాయి. మీ బావమరిది మాట అనుభవం ఉన్నవారికైతే కొంత నిజం, ఫ్రెషర్‌కు కష్టం.

అమ్మాయిని సీఏ ఇంటర్‌కో, బ్రిటన్ అకౌంటింగ్ కోర్సు ఏసీసీఏకో పంపండి. ఆడిట్ సంస్థలో రెండు మూడేళ్లు పనిచేయనివ్వండి. ఆ తర్వాత బహ్రెయిన్‌లోని అయోఫీ పరీక్షలు రాయవచ్చు. ఇస్లామిక్ ఫైనాన్స్‌కు అకౌంటింగ్, షరియా ప్రమాణాలు తయారుచేసే సంస్థ అదే. ఆ పరీక్షల్లో సీపా అనేది అకౌంటెంట్లకు, సీఎస్‌ఏఏ అనేది షరియా ఆడిట్ వైపు వెళ్లేవారికి. పీజీ చేస్తానంటే మలేషియా కేంద్ర బ్యాంకు స్థాపించిన ఇన్‌సీఫ్ విశ్వవిద్యాలయం ఉంది, కాకపోతే ఖర్చు ఎక్కువ.

ఆడిట్‌లో క్లయింట్ల వడ్డీ లెక్కలు కంటపడకుండా ఉండవు. అది మీకు సమ్మతమేనా అన్నది మీరు నమ్మే ఆలిమ్‌ను (మత పండితుణ్ని) ముందే అడగండి. అది నేను చెప్పగలిగింది కాదు.

ఇద్దరిలో మీ అబ్బాయి దారే నాకు తేటగా కనిపిస్తోంది. హలాల్ అనగానే అందరికీ కబేళానే గుర్తొస్తుంది గానీ, చిక్కంతా పదార్థాల దగ్గరే. క్యాప్సూల్‌లోని జెలటిన్ ఏ జంతువుది? బేకరీ సరుకుల్లో కలిపే ఎమల్సిఫయర్ ఈ471 (E471) మొక్క నూనె నుంచి వచ్చిందా, జంతువు కొవ్వు నుంచా? వెనిల్లా ఫ్లేవర్‌ను ఏ ద్రావకంలో కలిపారు? చీజ్‌కు వాడిన ఎంజైమ్ ఎక్కడిది? వధించేవారు, మతపరమైన నిర్ణయం చెప్పేవారు ముస్లింలే అయి ఉండాలి. ఈ ప్రశ్నలకు సప్లయర్ కాగితాల్లో జవాబు వెతకడానికి మాత్రం ఫుడ్ సైన్స్ చదివినవారే కావాలి. ఇండోనేషియా 2014లో చేసిన చట్టం ఆహార పానీయాలకు హలాల్ సర్టిఫికెట్‌ను తప్పనిసరి చేసింది, పెద్ద, మధ్యస్థాయి కంపెనీలకు 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. మన మాంసం ఎగుమతులకు కూడా కేంద్రం క్వాలిటీ కౌన్సిల్ గుర్తింపుతో ఐ-కాస్ హలాల్ అనే సర్టిఫికేషన్ పథకం పెట్టింది.

కాబట్టి అబ్బాయిని ముందు ఆహార భద్రత ప్రమాణాలైన హెచ్‌ఏసీసీపీ, ఐఎస్ఓ 22000 మీద ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ తీసుకోమనండి. సెలవుల్లో ఎగుమతులు చేసే ఫుడ్ ప్లాంట్లో ఇంటర్న్‌షిప్ చూడండి. సంగారెడ్డి జిల్లా రుద్రారం, జహీరాబాద్ వైపు ప్రయత్నించవచ్చు. క్వాలిటీ విభాగంలో కొన్నేళ్లు చేశాక సర్టిఫికేషన్ సంస్థల వైపు వెళ్తే విలువ ఉంటుంది. దేశంలో అమ్మే సరుకు మీది హలాల్ ముద్రనే నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు. ఉత్తరప్రదేశ్ 2023 నవంబర్‌లో ఎగుమతులకు తప్ప మిగతా హలాల్ సర్టిఫికెట్ సరుకును నిషేధించింది, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇక ఆ ఆన్‌లైన్ సంస్థ సంగతి. పేరులో హలాల్, ఇస్లామిక్ అని ఉందని నమ్మేయకండి. హలాల్ పెట్టుబడి పేరుతో డిపాజిట్లు తీసుకున్న హీరా గ్రూప్ మీద 2018లో, బెంగళూరు ఐ మానిటరీ అడ్వైజరీ (ఐఎంఏ) మీద 2019లో కేసులు నడిచిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ డిప్లొమాను ఏ బ్యాంకు గుర్తిస్తుంది, పోయిన బ్యాచ్‌లో ఎవరికి ఎక్కడ ఉద్యోగం వచ్చింది అని ఆ ఆన్‌లైన్ సంస్థను రాతపూర్వకంగా అడగండి. అయోఫీ పరీక్షకే తయారు చేస్తాం అంటే, దానికి అమ్మాయి నేరుగా అయోఫీలోనే పేరు నమోదు చేసుకోవచ్చు.